మాఘపు చలి - మాయదారి వేడి

మాఘమాసంలో మాకులు సైతం వణుకుతాయని తెలుగువారి నానుడి. మాఘపు చలికి పులి కూడా వణుకుతుందని బెంగాలీల సామెత. శివరాత్రి నాటికి చలి 'శివశివా' అంటూ తరలిపోతుందని కూడా మన పెద్దలు చెప్పారు. చలి ఒక క్రమంలో వచ్చి, ఒక క్రమంలో సెలవు తీసుకుంటుందన్న భరోసా ఆ మాటలలో ఉంది. విత్తు వేయడం, నీరు పెట్టడం, పంట తీయడం ఆ భరోసాపైనే సాగాయి. ఆ క్రమమే ఇప్పుడు గాడి తప్పుతున్నది. హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న హౌరా జిల్లాలోనూ, దక్షిణ బెంగాల్ మైదానంలోనూ శీతకాలం చివర రెండు మూడు రోజులు ఎముకలు కొరికే చలి, దాని వెన్నంటే ఉక్కపోత రావడం రైతుకు పెద్ద చిక్కుగా మారింది.

హౌరాలో నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. అయినా చలి ఎంత అన్నదానికంటే అలవాటుకు ఎంత భిన్నం అన్నదే ముఖ్యం. అందుకే మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే తప్ప శీతగాలుల ప్రస్తావన తేని భారత వాతావరణ విభాగం, తీర ప్రాంతాలకు 15 డిగ్రీల పరిమితి పెట్టింది. అది సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా కూడా ఉండాలి. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే వాతావరణ అలజడులు హిమాలయాలను దాటిపోగానే ఉత్తరపు పొడిగాలి బెంగాల్‌ను తాకుతుంది, చలి పెరుగుతుంది. మరో అలజడి సమీపించగానే గాలి దిశ మారి, బంగాళాఖాతం నుంచి తేమతో కూడిన దక్షిణపు గాలి వీస్తుంది. పొగమంచు, మబ్బు, వెచ్చదనం ఒక్కసారిగా కమ్ముకుంటాయి. ఇది ప్రకృతి సహజమే. అయితే ఫిబ్రవరి వేడి నానాటికీ పెరుగుతుండటంతో ఈ ఊగిసలాట ప్రమాదకరంగా తయారవుతున్నది.

ఈ మార్పుకు మొదటి బలి బంగాళాదుంప. హౌరా జిల్లాలోని ఉదయనారాయణ్‌పూర్, ఆమ్తా ప్రాంతాలు మొదలుకొని హుగ్లీ, పూర్వ బర్ధమాన్ జిల్లాల వరకు ఇది వేలాది కుటుంబాలకు జీవనాధారం. దుంప ఊరాలంటే చల్లని రాత్రులు కావాలి. చల్లదనానికి తేమ, మబ్బు తోడైతే ఆకుమాడు తెగులు రోజుల వ్యవధిలో చేనంతా పాకుతుంది. ఆ గండం గడిచాక ఎండ ముదిరితే దుంప ఎదగకముందే మొక్క వాలిపోతుంది. మన దాళ్వాకు సాటి అయిన బోరో వరిదీ ఇదే గతి. చలికి నారు పచ్చబడి ఎదుగుదల ఆగుతుంది. పూత దశలో ఎండ 35 డిగ్రీలు మించితే గింజ తాలుగా మారుతుంది. బాగ్నాన్ పూలతోటల రైతుకు వేడి పెరిగితే పూలన్నీ ఒక్కసారే విచ్చుకుని ధర పడిపోతుందన్న భయం.

ఇది ఒక్క బెంగాల్ బాధ కాదు. 1901 నుంచి ఉన్న లెక్కలలో దేశం మొత్తానికి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత అత్యధికంగా నమోదైన ఫిబ్రవరిగా 2023 రికార్డుకెక్కింది. 2025 ఫిబ్రవరిలో సగటు ఉష్ణోగ్రత సాధారణం కంటే 1.34 డిగ్రీలు పెరిగి మరో రికార్డు నెలకొల్పింది. 2022 మార్చి ఎండలకు ఉత్తరాది గోధుమ దెబ్బతిన్నది. ఆ ఏడాది మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించవలసి వచ్చింది. కొద్ది వారాల ఎండ దేశ వాణిజ్య విధానాన్నే మార్చివేసింది.

తెలుగువారికి ఇందులో ప్రత్యక్ష ప్రమేయం ఉన్నది. కొల్లేటి ప్రాంతపు చేపల లారీలు హౌరా మార్కెట్టుకు వెళ్తాయి. పేరులోనే బంగాళాన్ని నిలుపుకున్న దుంప అక్కడి నుంచి మన ఉత్తరాంధ్ర సంతలకు వస్తుంది. 2024లో ధరలు పెరిగినప్పుడు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బయటి రాష్ట్రాలకు దుంపల రవాణాను కట్టడి చేయగా, ఒడిశా వంటి పొరుగు రాష్ట్రాలు విలవిలలాడాయి. హౌరా చేలలో తెగులు సోకితే ఆ సెగ విశాఖ వంటింటికీ తగులుతుంది. చలి వెనుకే వేడి తగిలితే మన మామిడి తోటలలోనూ పూత రాలిపోతుంది. తేనెమంచు పురుగు, బూడిద తెగులు విజృంభిస్తాయి.

వాతావరణాన్ని ప్రభుత్వాలు శాసించలేవు. ముందుగా హెచ్చరించడం మాత్రం వాటి చేతిలోని పనే. గాలి మళ్లే సూచన రెండు రోజుల ముందు చేరితే రైతు మందు చల్లడమో, తడి ఆపడమో, తడి పెట్టడమో నిర్ణయించుకోగలడు. ఈ పని కోసమే కృషి విజ్ఞాన కేంద్రాలలో నెలకొల్పిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024లో మూసివేయడం దూరదృష్టి లేని చర్య. వాతావరణం నిలకడ కోల్పోతున్న కాలంలో సలహాదారును తొలగించడం పొదుపు అనిపించుకోదు. అటువంటి యంత్రాంగం ప్రతి జిల్లాలోనూ శాశ్వతంగా, స్థానిక భాషలో పనిచేయాలి.

బీమా తీరు కూడా మారాలి. పశ్చిమ బెంగాల్ కేంద్ర పథకం నుంచి వైదొలగి 2019లో సొంతంగా 'బంగ్లా శస్య బీమా'ను ప్రవేశపెట్టింది. పథకం ఎవరిదైనా, ప్రాంతపు సగటు దిగుబడినే కొలబద్దగా తీసుకుంటే ఒక ఊరి నష్టం పక్క ఊరి పంటలో కలిసి మాయమవుతుంది. మూడు రోజుల చలి, మూడు రోజుల వేడి కలిగించే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. రికార్డులకెక్కని కౌలుదారుకు ఆ పరిహారం అందాలి. తుపానుకు, వరదకు కదిలే యంత్రాంగం చప్పుడు లేకుండా వచ్చిపోయే ఈ విపత్తును గుర్తించకపోతే, చలి వెళ్లిపోయినా రైతు వణుకు తగ్గదు.