నియమం ఒకరిది, నష్టం ఎవరిది?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊరిలో షెర్వుడ్ బాప్టిస్టు చర్చి ఉంది. ఆ చర్చివారు తీసిన 'ఫైర్‌ప్రూఫ్' అనే సినిమా 2008లో విడుదలైంది. విడాకుల దాకా వచ్చిన ఒక అగ్నిమాపక దళం కెప్టెనూ అతని భార్యా మళ్ళీ ఎలా ఒకటయ్యారన్నది కథ. అందులో భార్యాభర్తలు ముద్దుపెట్టుకునే ఘట్టం ఒకటి ఉన్నది. కెప్టెన్ వేషం వేసిన కిర్క్ కామెరాన్ పెళ్ళయినవాడు. తన భార్యను తప్ప మరో స్త్రీని కెమెరా ముందైనా సరే ముద్దుపెట్టుకోనన్నది ఆయన నియమం. అందుకని ఆ ఒక్క ఘట్టానికి కథానాయికను పక్కన కూర్చోబెట్టి, ఆమె వేషంలో కిర్క్ అసలు భార్య చెల్సీ నోబుల్‌ను నిలబెట్టి, ముఖాలు తెలియకుండా నీడబొమ్మలుగా చిత్రీకరించారు.

విని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. వేషం వేషమే, కాపురం కాపురమే, ఇంత పట్టింపు ఎందుకనేవారూ ఉంటారు. కాని ఆ సినిమాకు అయిన ఖర్చు సుమారు 5 లక్షల డాలర్లు, వసూలైనది 3 కోట్ల 30 లక్షల డాలర్ల పైమాట. అంటే ఆ పట్టింపు వల్ల నిర్మాతకు పైసా నష్టం రాలేదు. కిర్క్ కూడా తన కోసం పారితోషికం పుచ్చుకోలేదు. తీవ్రమైన జబ్బులున్న పిల్లలకూ వారి కుటుంబాలకూ ఆ దంపతులు నడిపే శిబిరానికి విరాళం ఇప్పించుకున్నారు. నియమం ఆయనది, శ్రమ ఆయన ఇంటివారిది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు.

మన జిల్లాలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఏ వీధిన నడిచినా సీరియల్ మాటలు వినపడతాయి. ఆదివారం ఆరాధనకు పోయే ఇల్లూ, శనివారం ఒంటిపూట ఉండే ఇల్లూ చూసేది అదే సీరియల్. తెరమీద ఎవరి మెడలో ఎవరు తాళి కట్టారో మనకు కంఠతా వచ్చు. ఆ వేషం వేసిన మనిషి ఇంటికి ఏ వేళకు చేరిందో, ఆమె బిడ్డకు అన్నం ఎవరు పెట్టారో మనకు తెలియదు. భక్తి, కాపురం, టీవీ వృత్తి మూడింటినీ ఒక్క తాటిమీద నడిపించిన కొందరు అమెరికా క్రైస్తవ నటుల సంగతి ఇక్కడ ప్రస్తావించడం అందుకే. అక్కడ ఈ విషయం మీద చర్చ చాలాకాలంగా బహిరంగంగా నడుస్తోంది.

కిర్క్ కామెరాన్ సంగతే ముందు పూర్తిచేద్దాం. 1985లో ఏబీసీ ఛానల్‌లో 'గ్రోయింగ్ పెయిన్స్' అనే హాస్య ధారావాహిక మొదలయ్యేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు నిండలేదు. 1992 దాకా అది నడిచింది. దేశంలో ఆడపిల్లల గదుల గోడలమీద ఆయన బొమ్మలు వెలిశాయి. దైవభక్తి ఎరగని ఆ కుర్రవాడు మధ్యలో, పద్దెనిమిదేళ్ళ ప్రాయానికి కొంచెం అటూ ఇటూగా క్రీస్తు విశ్వాసంలోకి వచ్చాడు. అదే ధారావాహికలో ఆయన ప్రియురాలి పాత్రకు వచ్చిన చెల్సీ నోబుల్‌ను 1991లో పెళ్ళాడాడు. వారికి ఆరుగురు పిల్లలు. అందులో నలుగురు దత్తత వచ్చినవారు. మొత్తం మీద మెచ్చుకోదగిన కాపురమే.

కాని ఆ పెళ్ళికి, ఆరేళ్ళపాటు టీవీలో తనకు తల్లీ తండ్రీ చెల్లీ తమ్ముడుగా నటించినవారికి పిలుపు వెళ్ళలేదు. ఈ ముక్క చదివితే మన పల్లెటూరివాళ్ళకు గుండెలో కలుక్కుమంటుంది. పొలం గట్టు తగాదా ఉన్న పొరుగువాడికి కూడా శుభలేఖ ఇచ్చి వచ్చే ఊళ్ళు మనవి. 2000లో ఆ నటులంతా మళ్ళీ కలిసి ఒక టీవీ సినిమా చేసిన సందర్భంలో కిర్క్ ఈ విషయం తనంతట తానే ఎత్తారు. అప్పుడే వారికి విడమరచి చెప్పి ఉంటే అంత బాధ కలిగేది కాదని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం పెద్దమనిషి లక్షణమే.

దానికన్నా గట్టి చిక్కు మరొకటి ఉన్నది. చెల్సీ రాకముందు ఆ ధారావాహికలో ఆయన పక్కన జూలీ మెకల్లో అనే నటి ఉండేది. ఆమె అంతకుముందు 'ప్లేబాయ్' పత్రికకు బొమ్మలు దిగింది. ఎనిమిది భాగాలు కాగానే ఆమె పాత్రను తీసివేశారు. కిర్క్ కొత్త భక్తే దీనికి కారణమని ఆమె ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. తెర వెనుక ఎవరి మాట ఎంత పనిచేసిందో బయటివాళ్ళం తీర్పు చెప్పలేము. అయితే ఒక్క సంగతి మాత్రం స్పష్టమే. తన పెదవులకు తాను గీసుకున్న గీత వేరు, పక్కవాళ్ళ పొట్టమీద పడే గీత వేరు. మొదటిదాన్ని వ్రతం అంటారు. రెండోదానికి ఆ పేరు పెట్టడం కష్టం.

ఈ తేడా మన కూలివాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. నాట్లు ముమ్మరంగా పడేటప్పుడు ఆదివారమని ముఠా మేస్త్రి ఆగడు. ఆ రోజు కూలి వదులుకుని గుడికి పోయే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. చీకటితోనే ప్రార్థన చేసుకుని చేలోకి దిగేవారూ ఉన్నారు. ఎవరి లెక్క వారిది. గుడికి పోయే ఆమె, నేను రావడం లేదు కనుక మీరూ నాటు వేయకండని తోటివారి కూలి చెడగొట్టిన ఉదంతం మాత్రం ఎక్కడా వినము.

కిర్క్ కథకు పూర్తిగా ఎదురు కథ నీల్ మెక్‌డోనో అనే నటుడిది. కాథలిక్కు. 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అనే యుద్ధ ధారావాహికలో 2001లో చేసిన వేషంతో పేరు వచ్చింది. రువే అనే ఆవిడను పెళ్ళాడి అయిదుగురు పిల్లల తండ్రి అయ్యారు. ఈయన నియమం కూడా కిర్క్ నియమమే. 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్' అనే ధారావాహికలోకి 2008లో తీసుకున్నప్పుడు ఆ సంగతి చెబితే, రచయిత సరేనని, ఒక పాత్రకు మొగుడుగా వేషం ఇచ్చి కూడా అటువంటి ఘట్టాలు రాయకుండా నడిపించారు. తలచుకుంటే అది సాధ్యమేనన్నమాట! 2010లో 'స్కౌండ్రల్స్' అనే మరో ధారావాహికలో అలా కుదరలేదు. పడకగది ఘట్టాలు చేయనన్నారు. చిత్రీకరణ మొదలైన కొద్దిరోజులకే ఆయనను తీసివేసి వేరొకరిని పెట్టుకున్నారు. ఆ తర్వాత పని దొరకక ఇల్లూ వాకిలీ కూడా పోగొట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. చివరకు పాత పరిచయస్థుడైన గ్రాహం యోస్ట్ అనే నిర్మాత పిలిచి 'జస్టిఫైడ్' అనే ధారావాహికలో ప్రతినాయకుడి వేషం ఇచ్చారు. 2012లో వచ్చిన ఆ భాగంతో మళ్ళీ నిలదొక్కుకున్నారు. ఇక్కడ నియమం ఎవరిదో నష్టమూ వారిదే. అందువల్లనే, ఆయన నియమం అతి అని తలచేవారు కూడా ఆయనను వేలెత్తి చూపలేకపోయారు.

కాపురం చక్కగా సాగడానికి భక్తి ఒక్కటే చాలదన్నది కూడా చెప్పుకోవాలి. పని గంటలు కుదరాలి. పాట్రిషియా హీటన్ అనే నటి 1996 నుంచి 2005 వరకు 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్' లోనూ, 2009 నుంచి 2018 వరకు 'ది మిడిల్' లోనూ ఇల్లాలి వేషాలే వేసింది. మొదటిదానికి 210 భాగాలు, రెండోదానికి 215. ఈ కాలంలోనే నలుగురు మగపిల్లలను పెంచింది. భర్త డేవిడ్ హంట్ కూడా నటుడే. భక్తురాలినని దాచుకోని మనిషి. 2003లో ఒక అవార్డుల సభలో వేదికమీద బూతు మాటలు దొర్లుతుంటే, తాను బహుమతి ఇవ్వవలసి ఉండి కూడా లేచి ఇంటికి పోయింది.

ఆమెకు ఇన్ని పనులు ఎలా కుదిరాయంటే, సగం జవాబు ఆ ధారావాహిక పనితీరులోనే ఉంది. ప్రేక్షకులను కూర్చోబెట్టి తీసే ఇటువంటి హాస్య ధారావాహికకు వారానికి ఒక్కటే భాగం. మామూలుగా నాలుగు రోజులు చదువుకోవడం, రిహార్సలు. చివర ఒక సాయంత్రం నాటకం ఆడినట్టు ఆడేస్తే అయిపోతుంది. ఏడాదికి ఇరవై పైచిలుకు భాగాలు, తరువాత కొన్ని నెలలు తీరిక. ఆఫీసు ఉద్యోగంకన్నా మెరుగే! మన తెలుగు సీరియళ్ళు వారానికి అయిదారు రోజులు ప్రసారమవుతాయి. ఒక భాగం తీసిన ఊపిరి తీరకముందే మరో భాగం తీయాలి. హైదరాబాదు పోయి అవకాశం సంపాదించిన మన జిల్లా అమ్మాయి, ఆమె ఏ మతస్థురాలైనా సరే, పండుగకు ఊరికి రాలేదంటే పొగరెక్కిందని రచ్చబండ మీద మాట్లాడుకునే ముందు ఈ లెక్క చూడడం న్యాయం.

ఇక కిర్క్ చెల్లెలు కాండేస్ కామెరాన్. చిన్నతనం నుంచి 'ఫుల్ హౌస్' అనే ధారావాహికలో చేసి, 1995లో అది ముగియగానే, 1996లో వాలెరీ బ్యూరే అనే రష్యా ఐస్ హాకీ ఆటగాడిని పెళ్ళాడింది. ముగ్గురు పిల్లలు. భర్త ఆటకోసం ఊళ్ళు మారుతుంటే ఆమె సుమారు పదేళ్ళు నటన ఇంచుమించు మానుకుని ఇల్లు చూసుకుంది. భర్త ఆట విరమించి పిల్లలు ఎదిగాక 2009లో తిరిగి టీవీకి వచ్చింది. 2015లో న్యూయార్కులో 'ది వ్యూ' అనే కబుర్ల కార్యక్రమం ఒప్పుకుంది. ఇల్లూ, 'ఫుల్లర్ హౌస్' అనే మరో ధారావాహికా లాస్ ఏంజెలిస్‌లో. రెండింటికీ మధ్య సుమారు 4 వేల కిలోమీటర్లు. ఆ విమాన ప్రయాణాలు పడలేక 2016 చివర న్యూయార్కు పని వదిలేసింది. అప్పటికి రెండేళ్ళ ముందే ఈ సమతూకం గురించి ఆమె పుస్తకం రాసి ఉన్నది! పుస్తకం రాసినంత మాత్రాన తక్కెడ నిలవదు మరి.

ఆమె మీద పెద్ద దుమారం 2022లో రేగింది. 'గ్రేట్ అమెరికన్ ఫామిలీ' అనే ఛానల్‌కు కార్యక్రమాల పెద్దగా చేరి, అక్కడి సినిమాలలో సంప్రదాయ వివాహానికే ప్రధాన స్థానం ఉంటుందని ఒక పత్రికతో చెప్పింది. స్వలింగ దంపతుల కథలకు చోటు లేదన్నమాటేనని తోటి నటులు కొందరు మండిపడ్డారు. ఎవరినీ నొప్పించడం తన ఉద్దేశం కాదని ఆమె బదులిచ్చింది. ఛానల్ పెట్టినవారికి తమకు ఇష్టమైన కథలు తీసుకునే స్వేచ్ఛ ఉంది, కాదనలేము. అయితే ఇంతవరకు తన ఒంటికీ తన ఇంటికీ పెట్టుకున్న కట్టుబాటు ఆ రోజున ఇతరుల జీతాల పద్దులోకి వచ్చింది. విమర్శ రావడంలో వింత లేదు.

ఇదే పనిని తామే నిర్మాతలై చేసుకున్నవారు ఉన్నారు. దేవదూత వేషంతో 'టచ్‌డ్ బై యాన్ ఏంజెల్' లో 1994 నుంచి 2003 దాకా కనపడిన రోమా డౌనీ, ఆమె భర్త మార్క్ బర్నెట్ కలిసి 'ది బైబిల్' అనే ధారావాహిక నిర్మించి 2013లో ప్రసారం చేశారు. మొరాకోలో తీశారు. ప్రభువు తల్లి మరియమ్మ వేషం రోమాదే. మొదటి రోజే కోటి ముప్ఫై లక్షలమంది చూశారు. భార్యాభర్తలు ఒకే పని మీద ఉంటే సగం తగాదాలు పుట్టవని మన సురభి నాటక కుటుంబాలు 1885 నుంచి రుజువు చేస్తూనే ఉన్నాయి.

ఈ కథలన్నింటిలో మనకు సరిగా వినపడనిది జీవిత భాగస్వాముల మాట. చెల్సీ నోబుల్ కూడా నటే. పెళ్ళయిన తర్వాత తెరమీద ఆమె కనపడడం బాగా తగ్గింది. ఆరుగురు పిల్లల ఇంట్లో అది ఆశ్చర్యం కాదు. కాండేస్ పదేళ్ళు ఇంట్లో ఉన్నది, ఆ పదేళ్ళలో ఎక్కువ కాలం వాలెరీ ఆట సాగింది. మెక్‌డోనో పని పోయినప్పుడు పోయిన ఇల్లు ఆయన ఒక్కడిది కాదు, రువేది, పిల్లలది కూడా. భర్త నియమం మంచిదని భార్య తలచినా, మరునాటి నుంచి ఖర్చు సర్దుకోవలసింది ఆమే గదా! పత్రికలవారు ఆయనను అడిగినన్ని ప్రశ్నలు ఆమెను అడిగినట్టు కనపడదు.

మెక్‌డోనో దంపతులు ఇప్పుడు కలిసి సినిమాలు నిర్మిస్తున్నారు. 2025లో వచ్చిన 'ది లాస్ట్ రోడియో' లో కథానాయకుడి భార్య వేషానికి వేరెవరినో వెతకలేదు. రువేయే వేసింది. ముద్దు ఘట్టమూ ఉన్నది. ఈసారి భార్యను నీడలో నిలబెట్టవలసిన అవసరం లేకపోయింది.