ఎపిక్ పాసా? ఐకాన్ పాసా? సియాటెల్ మంచుకొండలకు వీకెండ్ ట్రిప్.. కొనేముందు ఈ లెక్క చూడాల్సిందే!

అమెరికాలో స్కీయింగ్ పాసుల మార్కెట్‌ను ఇప్పుడు రెండు పేర్లే ఏలుతున్నాయి. ఒకటి 2008లో వెయిల్ రిసార్ట్స్ తెచ్చిన ఎపిక్ పాస్. రెండోది 2018లో ఆల్టెరా తెచ్చిన ఐకాన్ పాస్. ఐటీ ఉద్యోగాలతో మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ సియాటెల్ చుట్టుపక్కల అయితే, కొండ మారితే పాస్ కూడా మారిపోతుంది.

ఏ కొండకు ఏ పాస్?

ఐ-90 రూట్‌లో 50 మైళ్ల దూరంలోనే ఉన్న స్నోక్వాల్మీ అన్నిటికంటే దగ్గర. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అనుకూలం. కాకపోతే ఎత్తు తక్కువ కావడంతో ఒక్కోసారి మంచు బదులు వాన పడుతుంది. మౌంట్ రెయినియర్ పక్కనున్న క్రిస్టల్ మౌంటెన్ వాషింగ్టన్ రాష్ట్రంలోనే పెద్ద స్కీ ఏరియా. ఈ రెండూ ఐకాన్‌లో ఉన్నాయి. యూఎస్-2 రూట్‌లోని స్టీవెన్స్ పాస్ మాత్రం ఎపిక్ కిందకు వస్తుంది. 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాల మంచుతో రికార్డు కొట్టిన మౌంట్ బేకర్ ఈ రెండింట్లోనూ లేదు. అక్కడ టికెట్ విడిగా కొనాల్సిందే.

అసలు లెక్క ఎక్కడుంది?

పాస్ ధర 800 డాలర్లు అనుకుందాం. సీజన్‌లో 8 రోజులు వెళ్తే రోజుకు 100 డాలర్లు. మూడు రోజులే వెళ్తే రోజుకు 266 డాలర్లు దాటుతుంది! రెండు మూడు ట్రిప్పులు చాలనుకునేవాళ్లకు ఎపిక్ డే పాస్, ఐకాన్ సెషన్ పాస్ లాంటివి ఉన్నాయి. అయితే వెళ్లాలనుకున్న కొండ అందులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పాసుల అమ్మకాలు వసంతంలోనే మొదలై, సాధారణంగా డిసెంబర్‌లో ఆగిపోతాయి. అంటే మంచు సరిగ్గా పడుతుందో లేదో తెలియకముందే డబ్బు కట్టేయాలి. ఆ రిస్క్ కొన్నవాళ్లదే.

లాంగ్ వీకెండ్‌తో జాగ్రత్త

తక్కువ ధర పాసుల్లో కొన్ని జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ డే, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వీకెండ్లలో చెల్లవు. ఉద్యోగులకు సెలవు దొరికేది సరిగ్గా అప్పుడే! చౌకగా వచ్చిందని కొంటే, తీరా బయల్దేరే రోజున అది పనికిరాకపోవచ్చు.

పైగా రోడ్డు కూడా తెరిచి ఉండాలి. 2022 జనవరి మొదట్లో భారీ మంచు, అవలాంచ్ ముప్పుతో స్నోక్వాల్మీ, స్టీవెన్స్ ఘాట్ రోడ్లు రెండూ ఒకేసారి మూతపడ్డాయి.

పిల్లలకు మంచు చూపిస్తే చాలనుకునే కుటుంబాలకైతే ఈ పాసులతో పనే లేదు. స్నోక్వాల్మీలో ట్యూబింగ్‌కు టికెట్ వేరు. దాన్ని ముందే బుక్ చేసుకుంటే సరిపోతుంది. స్కీయింగ్ చేసేవాళ్లు మాత్రం ఎన్ని రోజులు వెళ్తారో, ఏ తేదీల్లో వెళ్తారో ముందు ఖాయం చేసుకోవాలి. ఎపిక్కా, ఐకానా అన్నది ఆ తర్వాతి మాట.