టెలిస్కోపు బీరువాలో కాదు, మన చేతుల్లో ఉండాలి



మన సైన్సు బీరువాలోని కటకాలు ఇన్‌స్పెక్షన్ నాడే బయటికొస్తాయి. పిల్లల చేతికిస్తే పగిలిపోతాయని భయం. టెలిస్కోపు కొనిమ్మని అడిగితే అదీ ఆ బీరువాలోకే పోతుంది. అందుకే నేను చెప్పేదేమంటే, కొనొద్దు, మనమే చేసుకుందాం. చేసినవాళ్లకు విరిగితే బాగుచేసుకోవడం కూడా వస్తుంది.

చేయడం పెద్ద కష్టం కాదు. కళ్లజోళ్ల షాపులో ప్లస్ 1 పవరు అద్దం ఒకటి, అంచులు కోయకుండా గుండ్రంగా ఉన్నది అడగాలి. దాని నాభ్యంతరం 100 సెంటీమీటర్లు. అది ముందు పెట్టే వస్తుకటకం. కంటి దగ్గర పెట్టడానికి 5 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న భూతద్దం కావాలి. 100ని 5తో భాగిస్తే 20. అంటే 20 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. లెక్క అంతే!

చార్టులు చుట్టి ఒక పొడుగు గొట్టం, అందులో జరిగేటట్టు ఒక పొట్టి గొట్టం చేయాలి. రెండు కటకాల మధ్య సుమారు 105 సెంటీమీటర్లు రావాలి. పొట్టి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట బొమ్మ తేటగా వస్తుంది. గొట్టాల లోపల నల్లకాగితం అంటించాలి. వస్తుకటకం ముందు 2 సెంటీమీటర్ల రంధ్రం ఉన్న అట్ట పెడితే అంచుల్లో రంగులు తగ్గుతాయి. చేత్తో పట్టుకుంటే ఊగుతుంది కాబట్టి ఇసుక సంచి మీద ఆనించాలి. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. దీనితో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. కళ్లు పోతాయి.

ఇంత చిన్నదానితో ఏం కనిపిస్తుంది అని కొందరు నవ్వొచ్చు. గెలీలియో 1609లో తానే అద్దాలు సానపట్టి చేసుకున్న టెలిస్కోపు కూడా సుమారు 20 రెట్లదే. దానితోనే 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను చూశాడు. ఆయన కూడా కొనుక్కోలేదు.

పరీక్షలకు ఇది అవసరమా అంటారు. పదో తరగతిలో కటకాల పాఠం ఉంది. నాభ్యంతరం అని పదిసార్లు బట్టీ కొట్టేకంటే, కిటికీలోంచి కనిపించే చెట్టు బొమ్మను కటకంతో గోడ మీద పడేసి, మధ్య దూరం స్కేలుతో కొలిస్తే ఒక్కసారికే బుర్రకెక్కుతుంది.

ఆడపిల్లలు రాత్రిపూట బయటికెందుకు, పాములు తేళ్లు ఉంటాయి అనేది మేడం గారి భయం. అది నిజమే. మేం గేటు దాటుతామని అడగడం లేదు. ముందే ఊడ్చిన హాస్టలు వాకిట్లోనే, ఒక టీచరు తోడుగా, స్టడీ అవర్ అయ్యాక అరగంట చాలు. నెలకు రెండు రోజులు, అమావాస్య తర్వాత వచ్చే సప్తమి, అష్టమి. అప్పుడు సగం చందమామ పొద్దుగూకేసరికే పైన ఉంటుంది. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పడి గుంటలు బాగా తెలుస్తాయి. పున్నమినాడు నీడలుండవు, అంత బాగా తెలియవు.

ఇంకో సంగతి ఉంది. పట్నంలో దీపాల వెలుతురుకు చుక్కలు సరిగ్గా కనపడవు. మన దగ్గర చీకటి ఉంది. అన్నీ లేవు లేవు అనుకునే మనకు ఇది ఉంది కదా! దాన్ని వాడుకోకుండా తలుపులేసుకుని పడుకోవడం ఏం న్యాయం?

మా అమ్మ బడికి పోలేదు. అయినా ఆకాశంలో పిల్లలకోడి ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తది. దాన్నే పుస్తకంలో కృత్తికలు అంటారు. మామూలు కంటికి ఆరు చుక్కలు కనిపించే చోట ఇంకా నలభైకి పైగా ఉన్నాయని గెలీలియో రాశాడు. అమ్మకు పిల్లలకోడి తెలుసు, నాకు గెలీలియో తెలుసు. ఇద్దరం ఒకే గొట్టంలోంచి చూస్తే ఒకరికొకరం చెప్పుకునేది చాలా ఉంటది. సంక్రాంతి సెలవుల్లో రాత్రి ఏడెనిమిదింటికి పిల్లలకోడి సరిగ్గా నెత్తిమీదుంటుంది. బీరువాలోని టెలిస్కోపును ఇంటికి పంపరు. మనం చేసుకున్నదైతే పట్టుకుపోవచ్చు.

కాబట్టి తరగతికొకటి చేద్దాం. చార్టులు, అట్టలు, జిగురు మేం పోగేస్తాం. అద్దాలు తెప్పించడం, వాకిట్లో లైటు ఆర్పడానికి అరగంట అనుమతివ్వడం పెద్దలు చేయాలి. వచ్చే సప్తమికి మొదటి చూపు వార్డెన్ మేడం గారిదే.

– 9వ తరగతి విద్యార్థిని