బ్యాంకోళ్ళ ట్రైనింగులో మన అమ్మల సంగతి ఉందా?

పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి.

2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడినప్పుడు మన సీతారామపురం, ఉదయగిరి వైపు కాలనీల నుంచి మాకొచ్చిన ఫోన్లలో ఎక్కువగా ఒకటే మాట. "పిల్లోడి పేరు లిస్టులో ఉంది, 13,000 పడతాయన్నారు, అకౌంటు మాత్రం ఆగిపోయిందంట." బ్యాంకుకు పోతే కేవైసీ లేదంటారు. ఆధార్‌లో పేరు ఒక రకంగా, పాసుబుక్కులో ఇంకో రకంగా ఉంటుంది. వేలిముద్ర పెడదామంటే పడదు. కట్టెలు కొట్టి, రాళ్ళు మోసి అరిగిపోయిన వేళ్ళు అవి. రేపు రా అంటారు. రేపు పోతే ఆ రోజు కూలి పోయె, ఆటో ఛార్జీ పోయె. యానాది కాలనీ అయినా, ఎరుకల వాళ్ళ ఇల్లయినా, సుగాలి తండా అయినా కథ ఇదే.

బ్యాంకులో కూర్చున్నోళ్ళంతా చెడ్డోళ్ళని మేం అనడం లేదు. మా ప్రశ్న వేరే. ఆ కౌంటర్లో ఉన్న మనిషికి, ఊళ్ళో మిషన్ పెట్టుకున్న బ్యాంక్ మిత్రకు ఏం నేర్పించి పంపారు? (బ్యాంక్ మిత్రను బ్యాంకు భాషలో బీసీ అంటారు. కులం గురించి కాదు లెండి!)

ఇప్పుడు బ్యాంకుల్లో కాంప్లయెన్స్, రిస్క్ మేనేజ్‌మెంట్ ట్రైనింగులకు కొదవ లేదు. బ్యాంక్ మిత్రలకు ముంబైలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ పరీక్ష పెడుతుంది. అప్పు వసూలు చేసే ఏజెంట్లకు 100 గంటల శిక్షణ, డిగ్రీ ఉంటే 50 గంటలు. ఇదంతా అవసరమే. కానీ అంత చదివాక మన దగ్గరి క్లర్కు తలలో మిగిలేది ఒకటే: "కాగితం లేకుండా నేను సంతకం పెడితే, రేపు ఆడిట్‌లో నా ఉద్యోగం పోతుంది." ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2002 నాటి మనీ లాండరింగ్ చట్టం ఉంది, ఆర్బీఐ బ్యాంకులకు వేసే జరిమానాలు ఉన్నాయి.

అయితే అదే రూల్ బుక్కులో రెండో సగం కూడా ఉంది. కేవైసీ పేరు చెప్పి సామాన్య జనానికి, ముఖ్యంగా ఆర్థికంగా, సామాజికంగా వెనకబడినోళ్ళకు బ్యాంకు సేవలు అందకుండా చెయ్యకూడదని ఆర్బీఐ నిబంధనల్లోనే రాసి ఉంది. అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా కేవైసీకి చెల్లే పత్రమే (ప్రభుత్వ పథకం డబ్బుకు ఆధార్ అడుగుతారు, అది వేరే). ఏ పత్రమూ లేనోళ్ళకు చిన్న ఖాతా అని ఒకటుంది. ఫొటో ఇచ్చి, బ్యాంకు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000కు మించి తియ్యకూడదు, ఏడాదిలో జమ లక్ష దాటకూడదు. మొదట 12 నెలలు నడుస్తుంది. పత్రాలకు అప్లై చేసినట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు. మన కాలనీల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బ్యాంకులో ఎంతమంది నోరు తెరిచి చెప్పారు?

ఇంకోటి. బ్యాంకు తన ఖాతాదారులను రిస్కును బట్టి మూడు రకాలుగా విడదీస్తుంది. రిస్కు ఎక్కువైతే రెండేళ్ళకోసారి, మధ్యస్థమైతే ఎనిమిదేళ్ళకు, తక్కువైతే పదేళ్ళకోసారి కేవైసీ కొత్తగా చెయ్యాలి. కూలి డబ్బు, పథకం డబ్బు తప్ప ఇంకేమీ పడని మన అమ్మ అకౌంటు ఏ రకం కిందికి వస్తుంది? పైగా వివరాలేవీ మారకపోతే "ఏమీ మారలేదు" అని రాసిస్తే సరిపోతుంది. 2025 జూన్ నుంచి ఆ కాగితం బ్యాంక్ మిత్ర దగ్గర కూడా ఇవ్వొచ్చు.

మైక్రోఫైనాన్స్ సంగతీ అంతే. 2010లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో పెద్దోళ్ళనడగండి. వారం వారం వసూళ్ళు, ఇంటి ముందు కూర్చోవడాలు, ఆత్మహత్యల వార్తలు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2022లో ఆర్బీఐ కొత్త నిబంధనలు పెట్టింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉన్నోళ్ళకిచ్చే ఈ అప్పుల్లో, కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చెయ్యకూడదు. ఫీల్డ్ స్టాఫ్‌కు మర్యాదగా నడుచుకోవడం నేర్పాలని, వాళ్ళ జీతంలో కూడా ఆ నడవడిక లెక్కకు రావాలని రాశారు. మన కాలనీకి తెల్లారకముందే బండేసుకొచ్చే పిల్లోడికి ఈ పేజీ ఎవరైనా చూపించారా? వాడూ మన లాంటి పేదింటి పిల్లోడే గదా, టార్గెట్ ఒక్కటే చెప్పి పంపుతారు.

రిస్కు అసలు లేదని మేం అనడం లేదు. "అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే ఐదు వేలిస్తాం" అని తిరిగేవాళ్ళున్నారు. సైబర్ దొంగల డబ్బు ఆ అకౌంట్లలోంచే పోతుంది. ఇలాంటి అకౌంట్లు పట్టడానికి ఆర్బీఐ ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాఫ్ట్‌వేరే తయారు చేసింది. హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళు ఇది గట్టిగా వినండి, కేసు అకౌంటున్నోడి మీదే పడుతుంది. కానీ అకౌంటు అద్దెకిచ్చేవాడి దగ్గర కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. కాగితం చూసి ఆపితే ఆగేది వాడు కాదు, మన అమ్మ.

అందుకే మేం అడిగేది రెండు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సమావేశంలో, నెల్లూరు ఐటీడీఏ తరఫున ఈ విషయం పెట్టాలి. మన మండలాల్లో పనిచేసే క్లర్కులకు, బ్యాంక్ మిత్రలకు ఒక్క పూటైనా ఈ రెండో సగం మీద క్లాసు పెట్టాలి, తెలుగులో, మన కాలనీలో నిజంగా జరిగే కేసులతో. రెండోది మనకు. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న అక్కలూ అన్నలూ ఆ బ్యాంక్ మిత్ర పరీక్ష రాయండి. ఆ మిషన్ వెనక మనోళ్ళు కూర్చుంటే, వేలిముద్ర పడలేదని ముసలమ్మను ఊరికే తిప్పి పంపరు.

అర్జీ రాస్తున్నాం. ఆగిపోయిన అకౌంట్లున్నోళ్ళు బ్యాంకుకు ఎప్పుడెప్పుడు పోయారో, ఏం చెప్పారో తేదీలతో రాసి పెట్టుకోండి. ఈసారి పోయినప్పుడు కాదంటే కారణం రాసిమ్మని అడగండి. కేవైసీ దరఖాస్తు తిప్పి పంపితే కారణం నమోదు చెయ్యాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఆధార్, అకౌంటు నంబర్లు మాత్రం ఎవరికీ ఫోన్లో పంపకండి, మాక్కూడా.