మనము ముందుగా నొప్పుకొన్న దేమి?

జ్యామితి పుస్తకమును తెఱచిన విద్యార్థికి మొట్టమొదట కనబడునవి స్వీకృతములు. వానికి నిరూపణము లేదు; ఒప్పుకొని ముందునకు సాగవలసినదే. యూక్లిడు వానిని దాచక గ్రంథారంభముననే వ్రాసిపెట్టెను. తక్కిన శాస్త్రములకును ఇట్టి స్వీకృతములు గలవు గాని, అవి పంక్తుల నడుమ దాగియుండును. అందువలన చదువరులు వానిని లోకసత్యములని భ్రమపడుదురు.

నిరూపింపని మాటపై శాస్త్రమును కట్టుట యేమని కొందఱు పరిహసింతురు. అది న్యాయము కాదు. ఏదో యొకటి యొప్పుకొననిదే ఏ లెక్కయు మొదలుకాదు. దాని నెంతకాలము పట్టుకొనవలెను, ఎప్పుడు విడువవలెను అనునదే కష్టమైన ప్రశ్న.

యురేనస్ గ్రహము న్యూటను సూత్రముల ప్రకారము నడువవలసిన త్రోవను కొంచెము తప్పుచుండెను. ఫ్రాన్సు దేశీయుడగు లెవెర్యే సూత్రమును సందేహింపక, కనబడని వేఱొక గ్రహము దానిని లాగుచున్నదని భావించి, దాని స్థానమును గణించెను. 1846వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేది రాత్రి బెర్లిను వేధశాలలో గాలె అను శాస్త్రజ్ఞుడు వెదకగా, లెక్కకు ఒక్క డిగ్రీ లోపలనే నెప్ట్యూను కనబడెను! 1859లో ఆ లెవెర్యేయే బుధగ్రహపు నడకలో చిన్న తేడాను ప్రకటించి, ఈసారియు సూత్రమునే నమ్మి, సూర్యునికి చేరువగా మఱియొక గ్రహమో, చిన్న గోళముల గుంపో యుండవలెననెను. ఆ గ్రహమునకు వల్కన్ అని పేరును బెట్టిరి. పెక్కేండ్లు వెదకిరి. గ్రహము లేదు. శతాబ్దమునకు 43 వికలలు, అనగా డిగ్రీలో 3600వ భాగములు 43 మాత్రమే యైన ఆ తేడాకు కారణమును 1915లో ఐన్‌స్టీను చెప్పెను. మాఱవలసినది గ్రహముల పట్టిక కాదు, గురుత్వమును గూర్చిన మూలభావనయే. మొదట గెలిపించిన పట్టుదలయే పిమ్మట మోసగించెను. ఇందుకు లెవెర్యేను నిందింపరాదు. అతని మాట తప్పో ఒప్పో ఆకాశమును చూచి తేల్చుకొన వీలుండెను.

అర్థశాస్త్రమున, మనుజుడు తన లాభము నెఱిగి వర్తించుననునది ప్రధాన స్వీకృతము. సంతలో బేరమాడు గృహిణిని చూచిన అది చాలవఱకు నిజమే యనిపించును. అమెరికా కేంద్రబ్యాంకునకు 1987 మొదలు 2006 వఱకు అధ్యక్షుడైన అలన్ గ్రీన్‌స్పాన్, అప్పులిచ్చు సంస్థలు తమ మేలుకొఱకైనను వాటాదారుల మూలధనమును కాపాడునని నమ్మి, కఠిన నిబంధన లక్కఱలేదని వాదించెను. 2008లో గొప్ప సంస్థలు కూలెను. ఆ అక్టోబరు 23వ తేదిని ప్రతినిధిసభా సంఘము నెదుట, తన యాలోచనలో లోపము కనబడినదని ఆయన యొప్పుకొనెను. మన లెక్క తప్పినందున బుధునికి నష్టము లేదు. ఇక్కడ ఇండ్లను, ఉద్యోగములను కోల్పోయినవారు ఆ స్వీకృతము పేరైనను విననివారు!

కావున "తక్కిన పరిస్థితులు మాఱనియెడల" అను మాటను మార్కులకొఱకు వల్లించి విడుచుట నాకు సమ్మతము కాదు. ధర పెరిగిన గిరాకి తగ్గునని వ్రాసిన బాలుని, ఆ తక్కిన పరిస్థితు లేవో నాలుగు చెప్పుమని యడుగవలెను. నేను ఆ ప్రశ్నకే సగము మార్కు లుంచుచున్నాను. కొందఱు తల్లిదండ్రులకిది నచ్చలేదని యెఱుగుదును.