నారు తొందర ఎవరిది? నష్టం ఎవరిది?

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు పెద్దలు. నీటి సంగతి ఎలా ఉన్నా, పుష్యమాసపు రాత్రి లేత నారుకు వెచ్చదనం పోసేవాడు మాత్రం ఎవడూ లేడు. ఆ మాట చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు కూరగాయలు పండించే మనకు బాగా తెలుసు. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. రాత్రి బయట నిలబడినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అలాంటి చోట సంక్రాంతికి ముందే టమాటా నారు పొలంలో పెడుతున్నాం. ఎందుకు?

ఆశ కొద్దీ అని అధికారులు అంటారు. తొందరపాటు అని పుస్తకాలు అంటాయి. రెండూ పూర్తి నిజం కాదు. మార్చి దాటి ఎండలు 35 డిగ్రీలు మించితే మైదానంలో టమాటా పూత రాలిపోతుంది. అప్పుడు మన చల్లని నేలలో కాసిన కాయకు గిరాకీ. ఆ గిరాకీ అందుకోవాలంటే నాటు ముందుండాలి. సంతకు మొదట దిగిన గంపకే ధర దక్కుతుంది. అందరి కాయా ఒకేసారి దిగిన రోజున దళారి చెప్పిందే రేటు. నర్సీపట్నం దాకా ఘాట్ దిగి వెళ్లిన సరుకును వెనక్కి తెచ్చుకోలేం. నిల్వ చేద్దామంటే మన దగ్గర శీతల గిడ్డంగి లేదు. తొందర మన గుణం కాదు, మార్కెట్ మన మీద పెట్టిన ఒత్తిడి.

అయినా ఒక మాట మనలో మనం ఒప్పుకోవాలి. నాటు ముందు పడినంత మాత్రాన కాపు ముందు రాదు. ఒక ఏడు నేను సంక్రాంతికి వారం ముందు ముప్పావు ఎకరంలో టమాటా పెట్టాను. మిగిలిన పావు ఎకరానికి నారు చాలక ఫిబ్రవరి మొదటి వారంలో పెట్టాను. వరుసగా మూడు రాత్రులు ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉంది. నాలుగో రోజు పొద్దున చూస్తే మొక్కలు వేడినీళ్లు పోసినట్టు వాడి నల్లబడ్డాయి. బతికినవి కూడా ఆకు అడుగున ఊదారంగు తిరిగి నెల రోజులు కదలకుండా నిలబడ్డాయి. వెనక పెట్టిన పావు ఎకరం వాటిని అందుకుంది. మొదటి కోత రెండింటికీ నాలుగైదు రోజుల తేడాలోనే వచ్చింది. నారు ఖర్చు, కూలి, ఎరువు మాత్రం ముందే పోయాయి.

దీని వెనక మర్మం ఏమీ లేదు. చలికి టమాటా చావడానికి నీళ్లు గడ్డకట్టనక్కర్లేదు. పది డిగ్రీల దిగువన దాని పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. నేల చల్లగా ఉంటే వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. ఆకు ఊదారంగు తిరగడం అందుకే. మిరప, వంగ, బీన్స్, కాప్సికమ్, తీగజాతి కూరగాయలన్నీ చలికి తట్టుకోలేనివే. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి తట్టుకుంటాయి. ముందు నాటాలనుకునే మడి వాటికి ఇస్తే మేలు.

మన చేతిలో ఉన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ప్రోట్రేలలో పెంచిన 25 నుంచి 30 రోజుల నారే తీసుకోవాలి. ముదిరి పూత పట్టిన నారు పెద్దదిగా కనిపించినా వెనకబడుతుంది. నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి తడి తగ్గించి, యూరియా ఆపి, నారును నెమ్మదిగా బయటి ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత చూపే చిన్న మాపకం ఊరికి ఒకటైనా ఉంచుకుందాం. వరుసగా నాలుగైదు రాత్రులు పన్నెండు డిగ్రీలకు తగ్గకపోతే నాటుదాం. మబ్బు పట్టిన రాత్రి నేల వేడి పైకి పోదు. చుక్కలు మెరిసే గాలి లేని రాత్రికే భయపడాలి. చల్లగాలి నీళ్లలా పల్లానికి జారుతుంది కాబట్టి లోతు మడిని చివరికి ఉంచి, వాలు మీద మడిలో ముందు పెట్టాలి. అలాంటి రాత్రి ముందు సాయంత్రం తేలికపాటి తడి ఇస్తే నేల వేడిని నిలుపుకుంటుంది. వెదురు బద్దలు వంచి పైన పలుచని కప్పుబట్ట వేస్తే రెండు మూడు డిగ్రీల కాపు దొరుకుతుంది. బట్ట ఆకుకు తగలకూడదు. ప్లాస్టిక్ షీటు అయితే పొద్దెక్కగానే తీయాలి, లేకపోతే మొక్క ఉడికిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నదంతా ఒకే రోజు నాటవద్దు. పది రోజుల ఎడంతో మూడు విడతలుగా పెడితే ఒక చలిగాలికి ఇల్లు గుల్ల కాదు.

ఇవన్నీ చేసినా చలి వచ్చే ఏడు వస్తుంది. ఆ రోజు నష్టం ఎవరు మోయాలి? అసలు ప్రశ్న ఇదే. 2016 నుంచి దేశంలో అమలవుతున్న పునర్‌వ్యవస్థీకరించిన వాతావరణ ఆధారిత పంటల బీమాలో తక్కువ ఉష్ణోగ్రతను కూడా నష్టకారణంగా గుర్తించే వీలుంది. ఉద్యాన పంటలకు రైతు వాటా ప్రీమియం 5 శాతానికి మించదు. ఏ ప్రాంతంలో ఏ పంటకు వర్తింపజేయాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. పంట పేరు ఆ జాబితాలో లేకపోతే పథకం ఉన్నా మనకు లేనట్టే. కొలిచే కేంద్రం ఘాట్ కింద ఉంటే కొండ మీద చలి దాని లెక్కలోకి రాదు. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో ప్లాస్టిక్ టన్నెళ్లకూ షేడ్‌నెట్‌కూ సగం ఖర్చు సాయంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అది అటవీ హక్కు పత్రం మాత్రమే ఉన్న రైతుకూ, నోటిమాట కౌలు రైతుకూ చేరితేనే సాయం అవుతుంది.

అందుకే మన సంఘం మూడు విషయాలు గట్టిగా అడగాలి. చలి ప్రాంత మండలాల్లో కూరగాయలకు తక్కువ ఉష్ణోగ్రత బీమా వర్తింపజేయాలి, కొలిచే కేంద్రం మన ఎత్తులోనే పెట్టాలి. కప్పుబట్ట, ప్రోట్రే నారు అదను దాటాక కాకుండా డిసెంబరులోనే అందించాలి. వేసవి టమాటాకు కనీస ధర హామీ ఇవ్వాలి. ధర మీద భరోసా ఉంటే చలిలో జూదమాడే అవసరం మనకే ఉండదు.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ప్రతి సభ్యుడూ తన నాటు తేదీ, చనిపోయిన మొక్కల లెక్క, మళ్లీ నాటిన ఖర్చు కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే విని ఊరుకుంటారు. రాసిన లెక్క చేతిలో ఉంటే అధికారి ముందు కూర్చుని జవాబు అడగగలం.