విటమిన్ డి చుక్కలు ఆశా కార్యకర్త సంచీలో ఉండాలి



తల్లిపాలకు సాటి వచ్చే ఆహారం పసిబిడ్డకు లేదు. అయినా ఆ పాలలో విటమిన్ డి చాలా తక్కువ. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు కావాలి; లీటరు పాలలో సాధారణంగా వంద యూనిట్లు కూడా ఉండవు. తల్లికే కొరత ఉంటే ఆ కాస్తా తగ్గిపోతుంది. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఇందుకు రక్తపరీక్ష అక్కర్లేదు. కొరత ముదిరితే ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వస్తాయి. కాల్షియం పడిపోయి నెలల బిడ్డకు ఫిట్స్ రావడమూ ఉంది.

ఈ సలహా ప్రైవేటు డాక్టరు చీటీ మీద కనిపించినంతగా ప్రభుత్వ కార్యక్రమాల్లో కనిపించదు. తొమ్మిదో నెలలో టీకాతో పాటు విటమిన్ ఎ పోస్తారు. ఆరు నెలలు దాటాక ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు. ఆ వరుసలో డి లేదు. సీసా కొనగలిగిన ఇంటి బిడ్డకు చుక్కలు పడతాయి, కొనలేని ఇంటి బిడ్డకు పడవు.

ఇంత ఎండ కాసే దేశంలో చుక్కలెందుకన్నది తరచూ వినిపించే అభ్యంతరం. తిరుపతి వైద్య పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి సమాధానం. పల్లెల్లో పట్నం కన్నా మెరుగే గాని, ఆరోగ్యంగా తిరుగుతున్నవారిలోనూ కొరత విస్తారంగా కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువని కూడా తేలింది. చర్మంలో ఈ విటమిన్ తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు నడిమధ్యాహ్నమే బలంగా ఉంటాయి. నలుగు పెట్టి నీళ్లు పోశాక బిడ్డను పడుకోబెట్టే పొద్దుటి లేత ఎండలో అవి స్వల్పం, కిటికీ అద్దం దాటి దాదాపు రావు. నడిమధ్యాహ్నపు ఎండలో పసిగుడ్డును ఉంచమని ఎవరూ అనరు. ఆ ఆచారంలో తప్పేమీ లేదు, అది చుక్కలకు బదులు కాదంతే.

పెద్దల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలు. మందుల షాపులో అడగ్గానే చేతికొచ్చే సాచెట్‌లో 60,000 ఉంటాయి, అంటే వంద రోజుల మోతాదు. కొరత తేలినవారికి వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాసే మందు అది. ఒళ్లునొప్పులని, నీరసమని సొంతంగా కొని మింగేది కాదు. కొరత లేని పెద్దలకు అదనపు డి వల్ల ఒరిగేది తక్కువే: అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ పరిశోధనలో రోజుకు 2,000 యూనిట్లు వేసుకున్నా క్యాన్సర్లు, గుండెజబ్బులు తగ్గలేదు, 2022 నాటి విశ్లేషణలో ఎముకలు విరగడమూ తగ్గలేదు. వయసు మళ్లినవారు, గర్భిణులు, ఎండ సోకనివారి అవసరం వేరు, అది డాక్టరు తేల్చాలి. వారానిది రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. ఒంటి కొవ్వులో నిలవుండే విటమిన్ కాబట్టి మానేసినా వెంటనే దిగదు.

పసిపిల్లల విషయంలోనూ మోతాదు తప్పితే ప్రమాదమే. బజారులో మిల్లీలీటరుకు 400 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 800 యూనిట్లవీ ఉన్నాయి. సీసా మారిన రోజున పాత కొలతే పోస్తే బిడ్డకు రెట్టింపో సగమో పడుతుంది. డ్రాపర్లలో 400 యూనిట్లకు మించి పట్టవచ్చని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. ప్రభుత్వం ఒకే గాఢతలో, 400 యూనిట్ల దగ్గర ఒకే గీత ఉన్న డ్రాపర్‌తో, తెలుగు లేబుల్‌తో సీసాలు కొని పంచితే ఈ గందరగోళం ఉండదు. పంచడానికి కొత్త వ్యవస్థా అక్కర్లేదు. కాన్పు అయిన మూడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి ఎలాగూ వెళుతుంది; ఆ తర్వాత మూడో నెల నుంచి మూడు నెలలకోసారి వెళ్లాలన్న నియమమూ ఉంది. మొదటి సీసా ఆ తొలి సందర్శనలోనే ఇచ్చి, ఎంత పోయాలో తల్లికి చూపించి, మిగతావి తర్వాతి రాకల్లో అందించవచ్చు.